పితృత్వ వ్యాజ్యంలో లాయరు లేకుండా జవాబు: ఆనేకల్ తాలూకా

ఒక బిడ్డకు తండ్రి ఎవరో తేల్చమని, లేదా ఆ బంధాన్ని చూపి భరణమో ఆస్తిలో వాటానో ఇప్పించమని కోర్టుకెక్కే వ్యవహారమే పితృత్వ వ్యాజ్యం. మన దేశంలో దీనికి విడిగా చట్టం లేదు, అచ్చుపోసిన దావా ఫారం కూడా లేదు. అందుకే ఇది ఎప్పుడూ వేరే వేషంలో వస్తుంది. భార్య వేసిన భరణం పిటిషన్‌కు భర్త ‘బిడ్డ నాది కాదు’ అని జవాబిస్తే అక్కడ పుడుతుంది. భర్త విడాకుల పిటిషన్ వేసి, దాని వెంట డీఎన్‌ఏ పరీక్ష కోరితే అక్కడ పుడుతుంది. తండ్రి పోయాక అన్నదమ్ముల భాగపరిష్కారంలో ‘వీడు మా నాన్న కొడుకే కాదు’ అన్న మాటతోనూ పుడుతుంది. కాబట్టి జవాబు చెప్పాల్సిన మనిషి ప్రతిసారీ మగవాడే అనుకోవడం పొరపాటు. బిడ్డ పుట్టుకనే ప్రశ్నిస్తూ వచ్చిన కాగితానికి బదులు రాయాల్సిన తల్లులూ ఉంటారు, పెద్దవాళ్లయిన పిల్లలూ ఉంటారు.

బెంగళూరు దక్షిణపు కొసన, తమిళనాడులోని హోసూరును ఆనుకుని ఉన్న ఆనేకల్ తాలూకాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఫ్యాక్టరీల కోసం, ఎలక్ట్రానిక్స్ సిటీ ఉద్యోగాల కోసం చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు ఆపైన చేరారు. పెళ్లి ఒక రాష్ట్రంలో, కాపురం ఇంకో రాష్ట్రంలో, పురుడు పుట్టింట్లో. అందుకే ఇక్కడి మనిషికి కోర్టు కాగితం ఆనేకల్ నుంచే రావాలని లేదు. కుప్పం నుంచో మదనపల్లె నుంచో కూడా రావచ్చు.

ఏ కోర్టు

ఆనేకల్ రెవెన్యూ లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లా. కోర్టుల లెక్కల్లో మాత్రం బెంగళూరు రూరల్ జిల్లా కిందికి వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడి సిటీ సివిల్ కోర్టు చుట్టూ తిరుగుతారు. ఆనేకల్ పట్టణంలో సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులున్నాయి. ఆ జడ్జీలే ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్ అధికారాలతో క్రిమినల్ వ్యవహారాలూ చూస్తారు. రూరల్ జిల్లా అదనపు జిల్లా, సెషన్స్ కోర్టు ఒకటి ఇక్కడే కూర్చుంటుంది. బెంగళూరు ఫ్యామిలీ కోర్టులు సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉన్నాయి. అందిన కాగితం నెత్తిన ఏ కోర్టు పేరుంటే జవాబు ఆ కోర్టులోనే వేయాలి. ఇంటికి దగ్గరగా ఉందని ఇంకోచోట ఇస్తే చెల్లదు.

భరణం కేసును భర్త ఉన్నచోటే కాదు, భార్య ఉంటున్న ఊళ్లోనూ వేయవచ్చు. పెళ్లి కాని సందర్భంలో, తండ్రి అంటున్న వ్యక్తి బిడ్డ తల్లితో కలిసి చివరిసారి ఉన్న ఊళ్లోనూ వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ కోర్టులో ఉన్న కేసును కర్ణాటకకు మార్చే అధికారం సుప్రీంకోర్టుదే. ఇలాంటి అర్జీల్లో అత్యున్నత న్యాయస్థానం సాధారణంగా భార్య ఇబ్బందినే ముందు చూస్తుంది కాబట్టి, బదిలీ మీద ఆశపెట్టుకుని జవాబు ఆపుకోవడం తెలివైన పని కాదు. వాయిదాకు వెళ్లి జవాబు వేసి, ఆ తర్వాత బదిలీ సంగతి చూసుకోవాలి.

కాగితం అందాక

అమీనా తెచ్చిచ్చినా, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినా ముందు చూడాల్సినవి మూడు: కేసు నంబరు, కింద రాసిన సెక్షన్, వాయిదా తేదీ. తీసుకోనని తిప్పి పంపితే కేసు ఆగదు. తలుపుకు అంటించి వెళ్తారు, లేదా పేపర్లో ప్రకటన వేయిస్తారు. చట్టం దృష్టిలో అదీ అందినట్టే. సమన్లతోపాటు పిటిషన్ నకలు రాకపోతే మొదటి వాయిదా నాడే కోర్టును అడిగి తీసుకోవాలి, అడిగినట్టు రికార్డులో రాయించుకోవాలి. కేసు నంబరు గానీ, పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు గానీ చేతిలో ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు, ఉత్తర్వులు ఫోన్లోనే చూసుకోవచ్చు.

సెక్షన్‌ను బట్టి గడువు మారుతుంది. డిక్లరేషన్ దావా లాంటి సివిల్ వ్యాజ్యమైతే సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. 90 దాటితే తలుపులు పూర్తిగా మూసుకున్నట్టు కాదని 2005లో కైలాష్ వర్సెస్ నన్‌హకూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ వెసులుబాటు అసాధారణ పరిస్థితులకే. భరణం పిటిషన్ దారి వేరు. అది పాత నేర విచారణ స్మృతిలో 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. ఆ తేదీకి ముందు వేసిన కేసులు పాత నంబరుతోనే నడుస్తున్నాయి కాబట్టి నోటీసు మీద రెండింటిలో ఏది కనిపించినా కంగారు పడనక్కర్లేదు. మేజిస్ట్రేట్ కోర్టు అనగానే చాలామంది అరెస్టు చేస్తారేమోనని భయపడి దాక్కుంటారు. భరణం కేసులో ఎదుటి పక్షం ముద్దాయి కాదు, రెస్పాండెంట్ మాత్రమే. జైలు మాట వచ్చేది ఉత్తర్వు అయ్యాక డబ్బు కట్టకపోతేనే. అప్పుడు ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు పడవచ్చు.

మధ్యంతర భరణం అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని చట్టం. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. రెస్పాండెంట్ తన జవాబుతోపాటు ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్‌ను నాలుగు వారాల్లో వేయాలి. దాన్ని వేయడానికి రెండుకు మించి అవకాశాలు ఇవ్వరాదు. భరణం ఉత్తర్వు పిటిషన్ వేసిన తేదీ నుంచే వర్తిస్తుందని కూడా ఆ తీర్పే స్థిరపరిచింది. కాబట్టి వాయిదాలు లాగుతున్న కొద్దీ బకాయి పెరుగుతుంది.

రాకుండా ఊరుకుంటే ఎక్స్ పార్టీ చేస్తారు. అంటే ఒక పక్షం మాటే విని తీర్పు ఇస్తారు. సివిల్ కేసులో ఆ డిక్రీని రద్దు చేయమని 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. సమన్లు సరిగ్గా అందనేలేదంటే తెలిసిన నాటి నుంచి లెక్క. భరణం ఉత్తర్వుకు ఈ గడువు మూడు నెలలు. రెండింటిలోనూ ఎందుకు రాలేకపోయారో నమ్మదగిన కారణం, దానికి ఆధారం ఉండాలి. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉందన్నది కారణంగా నిలబడదు. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ నిలబడుతుంది.

చట్టం అసలు ఏమడుగుతుంది

లాయరు లేకుండా వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బిడ్డ రక్తం ఎవరిదన్నదే కోర్టు మొదటి ప్రశ్న అనుకుని వస్తారు. కోర్టు మొదట అడిగేది పెళ్లి గురించి, తేదీల గురించి. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్, చెప్పేది ఇది: చెల్లుబాటయ్యే పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. పెళ్లి రద్దయిన 280 రోజుల్లోపు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండగా పుట్టినా అంతే. ఇది తిరుగులేని రుజువు. దీన్ని దాటడానికి చట్టం ఒక్క సందే వదిలింది: బిడ్డ కడుపున పడగలిగిన కాలంలో ఆలుమగలు ఒకరినొకరు కలిసే వీలే లేదని చూపడం. ఉదాహరణకు 2023 జనవరి 10న విడాకుల డిక్రీ వస్తే, ఆ ఏడు అక్టోబర్ 17 దాకా పుట్టిన బిడ్డ మీద ఈ సూత్రం వర్తిస్తుంది.

‘వీలు’ అన్నచోట జాగ్రత్తగా ఉండాలి. మాటల్లేవు, వేరే గదుల్లో పడుకునేవాళ్లం, గొడవలు పడుతున్నాం అంటే వీలు లేనట్టు కాదు. ఒకే ఊళ్లో ఉండి కలుసుకునే అవకాశం ఉంటే చాలు, కలిసినట్టు ఎదుటివాళ్లు రుజువు చేయక్కర్లేదు. భర్త విదేశంలో ఉన్నాడు, జైల్లో ఉన్నాడు, నెలల తరబడి ఐ.సి.యు.లో ఉన్నాడు అంటే ఆ వాదనకు బలం. చందాపురలో భర్త, కుప్పంలో పుట్టింట్లో భార్య అంటే బలం చాలదు. రైలు ఎక్కితే అదే రోజు చేరుకునే దూరం అది.

ఇంత మొండి సూత్రం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. 1872లో రక్తాన్ని బట్టి తండ్రిని గుర్తించే మార్గం లేదు, అక్రమ సంతానమన్న ముద్ర పడితే బిడ్డ బతుకు బజారున పడేది. చట్టం నిజం కన్నా బిడ్డ పరువును ఎంచుకుంది. శాస్త్రం మారాక కూడా 2023లో సాక్ష్య చట్టాన్ని తిరగరాసినప్పుడు పార్లమెంటు ఈ సెక్షన్‌ను దాదాపు అదే మాటలతో కొనసాగించింది. ఈ ఎంపికతో ఏకీభవించకపోవచ్చు. కానీ జవాబు రాసేవాడు దీని మీదే నిలబడి రాయాలి.

జవాబు రాయడం

పిటిషన్‌కు వేసే జవాబును ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో కౌంటర్ అంటే, ఆనేకల్‌లో అబ్జెక్షన్స్ లేదా కన్నడంలో ఆక్షేపణె అంటారు. దావాకైతే అన్నిచోట్లా రిటన్ స్టేట్‌మెంటే. పైన కోర్టు పేరు, కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు. తర్వాత పిటిషన్‌లోని ప్రతి పేరాకూ విడివిడిగా సమాధానం. ఆ తర్వాత తన కథనం. చివర వెరిఫికేషన్, సంతకం, అఫిడవిట్. వకాల్తా, అంటే లాయరుకు ఇచ్చే అధికార పత్రం, అక్కర్లేదు. దాని బదులు సమన్లు అందాల్సిన చిరునామాతో ఒక మెమో ఇవ్వాలి.

పేరాల వారీ సమాధానం లాంఛనం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డర్ ప్రకారం, స్పష్టంగా కాదనని ప్రతి మాటా ఒప్పుకున్నట్టే. తప్పించుకునే జవాబు కూడా ఒప్పుకోలు కిందికే వస్తుంది. రెండు రకాల జవాబులను పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. ‘4వ పేరాలోని మాటలన్నీ కట్టుకథలు, నన్ను బ్లాక్‌మెయిల్ చేయడానికి అల్లినవి.’ ఇందులో కోపం ఉంది, విషయం లేదు. రెండోది ఊహించి రాసిన నమూనా: ‘2021 నవంబర్, డిసెంబర్ నెలల్లో మేమిద్దరం చందాపురలో కాపురం ఉన్నామని 4వ పేరాలో చెప్పింది నిజం కాదు. 2021 ఏప్రిల్ 3 నుంచి 2022 ఫిబ్రవరి 20 దాకా నేను ఉద్యోగం మీద దుబాయ్‌లో ఉన్నాను. ఈ మధ్యలో ఇండియాకు రాలేదు. పాస్‌పోర్టు నకలు 2వ పత్రంగా జతచేశాను.’ ఈ రెండోదాన్ని ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో కదిలించాలంటే పాస్‌పోర్టును కదిలించాలి.

తల్లి జవాబు రాస్తుంటే ఆధారాలు ఇంట్లోనే ఉంటాయి. కర్ణాటకలో గర్భిణికి ఆరోగ్య సిబ్బంది ఇచ్చే తాయి కార్డులో చివరి నెలసరి తేదీ, కాన్పు అంచనా తేదీ రాసి ఉంటాయి. తొలి స్కానింగ్ రిపోర్టులో గర్భం వయసు వారాల్లో ఉంటుంది. ఈ రెండింటినీ బట్టి బిడ్డ ఏ రోజుల్లో కడుపున పడిందో ఇంచుమించుగా తేలుతుంది. ఆ రోజుల్లో భార్యాభర్తలు ఒకే చోట ఉన్నట్టు చూపే అద్దె అగ్రిమెంట్, రేషన్ కార్డు, ఊరెళ్లిన టికెట్లు, ఆసుపత్రి ఫారంలో భర్త చేసిన సంతకం జతపడితే జవాబు గట్టిపడుతుంది. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండటం తిరుగులేని రుజువు కాకపోయినా, పేరు రాయించింది అతనే అయితే ఆ తర్వాత ఎందుకు మాట మార్చాడో అతనే చెప్పుకోవాలి. వాట్సాప్ సంభాషణలు వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డుకు కావలసిన సర్టిఫికెట్ జతచేయాలి. ఫ్యామిలీ కోర్టుకు సాక్ష్య చట్టపు పట్టు కొంత సడలించే అధికారం ఉంది, మామూలు సివిల్ కోర్టుకు లేదు.

మగవాడు రాసే జవాబులో పెద్ద ప్రమాదం నోటి దురుసు. ఆధారం లేకుండా భార్య శీలం మీద నింద వేస్తే, ఆ నింద రిటన్ స్టేట్‌మెంట్‌లో రాసినా సరే, అదే క్రూరత్వం అవుతుందనీ, తర్వాత సవరణతో కొట్టేసినా ఆ గాయం పోదనీ 2003లో విజయ్‌కుమార్ భాటే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే భరణం తప్పించుకోవడానికి రాసిన ఒక వాక్యం, ఆమెకు విడాకుల కారణంగా మారిపోగలదు. తేదీల మీద నిలబడే వాదనకు నిందలు అవసరం లేదు.

జవాబు నకలు ఎదుటి పక్షం లాయరుకు ఇచ్చి, అసలు కాపీ మీద ‘కాపీ అందింది’ అని సంతకం, తేదీ వేయించుకున్నాకే కోర్టు ఆఫీసులో ఇవ్వాలి. ఈ చిన్న పని మర్చిపోయినందుకు వాయిదాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. గడువు చివరి రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజు వేస్తే సరిపోతుంది.

డీఎన్‌ఏ అర్జీ వచ్చినప్పుడు

తండ్రిని డీఎన్‌ఏతో తేల్చే పనిలో మన దేశపు కథ చాలావరకు హైదరాబాద్‌లోనే నడిచింది. 1980ల చివర కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక బిడ్డ భరణం కేసు వచ్చినప్పుడు, హైదరాబాద్ పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ బృందం చేసిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగే తండ్రిని తేల్చింది. దాన్ని 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. మన కోర్టులు డీఎన్‌ఏతో తేల్చిన తొలి పితృత్వ వివాదంగా దాన్ని చెబుతారు. ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన ఎన్.డి. తివారీ మీద రోహిత్ శేఖర్ వేసిన దావాలో 2012 మే 29న సేకరించిన నెత్తురు నమూనా కూడా హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ల్యాబు సి.డి.ఎఫ్.డి.కే వచ్చింది. ఆ జూలై 27న ఢిల్లీ హైకోర్టులో ఫలితం విప్పారు. తండ్రి తివారీయే అని తేలింది.

పరీక్ష ఇంత కచ్చితమైనది కదా, అడగ్గానే ఆర్డరు వస్తుందనుకుంటే కుదరదు. 1993లో గౌతమ్ కుందూ తీర్పు గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు. పరీక్ష మామూలుగా ఆదేశించేది కాదు, ఏదో దొరుకుతుందేమోనని వెతకడానికి అసలే కాదు. భార్యాభర్తలు కలిసే వీలు లేదని మొదటి చూపుకే బలంగా కనిపించాలి. పరీక్ష వల్ల బిడ్డ మీద పడే ముద్రను కోర్టు తూచాలి. నెత్తురివ్వమని ఎవరినీ బలవంతపెట్టరాదు. 2003లో శారద వర్సెస్ ధర్మపాల్ తీర్పు దీనికి ఇంకో కొస చేర్చింది: కోర్టు ఆదేశించాక కూడా నిరాకరిస్తే, దాన్ని నిరాకరించినవాళ్లకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు.

తర్వాతి తీర్పులు అటూ ఇటూ ఊగాయి. 2001లో కమ్తీ దేవి కేసులో, పరీక్ష ఫలితం ఎంత నిజమైనా కలిసే వీలు ఉన్నప్పుడు చట్టపు ఊహను అది దాటలేదన్నారు. 2014 జనవరిలో నంద్‌లాల్ బద్వాయిక్ కేసు వచ్చింది. నాగపూర్ ల్యాబు, మళ్లీ హైదరాబాద్ కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు రెండూ భర్త తండ్రి కాదని చెప్పాక, సుప్రీంకోర్టు శాస్త్రానికే ఓటేసింది. 2022లో తెలంగాణ నుంచి వెళ్లిన ఇనాయత్ అలీ కేసులో మాత్రం, పార్టీలు కాని ఇద్దరు ఆడపిల్లల డీఎన్‌ఏ తీయమన్న ఆదేశాన్ని కొట్టేసింది. పిల్లలు వస్తువులు కారని గుర్తుచేసింది. 2023 ఫిబ్రవరిలో అపర్ణా ఫిరోదియా తీర్పు, తల్లి తప్పు రుజువు చేయడానికి బిడ్డను పరీక్షకు లాగకూడదంది. 2025 జనవరి 28న ఇవాన్ రతినం తీర్పు ఇంకా ముందుకెళ్లింది. తల్లి వేరొకరి భార్యగా ఉండగా పుట్టిన కుర్రవాడు బయటి వ్యక్తిని తండ్రిగా ప్రకటించమంటే, పెళ్లి చట్టబద్ధమైతే ఆ భర్తే తండ్రి, అది కాదనాలంటే ముందు కలిసే వీలు లేదని చూపాల్సిందే అంది. రోహిత్ శేఖర్ తల్లి కూడా అతను పుట్టేనాటికి వేరొకరి భార్యే. ఒకే మూసలోని రెండు కేసులకు పదమూడేళ్ల తేడాలో రెండు దారులు. ఈ పొందికలేమిని ఏ వ్యాఖ్యానమూ పూర్తిగా సర్దిచెప్పలేదు. ప్రస్తుతానికి గాలి పరీక్షకు వ్యతిరేకంగా వీస్తోందని మాత్రం చెప్పవచ్చు.

కాబట్టి పరీక్ష కోరుతూ ఎదుటి పక్షం ఐ.ఎ., అంటే మధ్యంతర అర్జీ, వేస్తే, దానికి విడిగా అబ్జెక్షన్స్ వేయాలి. ప్రధాన జవాబులో చెప్పాం కదా అని వదిలేయకూడదు. పెళ్లి తేదీ, బిడ్డ పుట్టిన తేదీ, ఆ మధ్య ఇద్దరూ ఎక్కడున్నారు, పరీక్ష లేకుండా కేసు తేల్చే మార్గం ఏముంది అన్న నాలుగింటినీ అందులో చెప్పాలి. పరీక్ష కోరేది తామే అయితే, కలిసే వీలు లేదన్న ఆధారం ముందు రికార్డులోకి రావాలి. బజారు ల్యాబులో బిడ్డ వెంట్రుకలిచ్చి తెచ్చుకున్న రిపోర్టు పట్టుకొస్తే పని జరగదు. నమూనా ఎవరిదో, ఎవరి ఎదుట తీశారో చెప్పే గొలుసు దానికి ఉండదు. పైగా తల్లికి తెలియకుండా తీసిందన్న చిక్కు కూడా వచ్చిపడుతుంది. కోర్టు ఆదేశిస్తే తల్లి, బిడ్డ, తండ్రి అంటున్న వ్యక్తి ముగ్గురి నమూనాలూ గుర్తింపు పత్రాలు చూసి, సంతకాలు, సీళ్లతో తీస్తారు. వాటిని బెంగళూరు మడివాళలోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుకో, హైదరాబాద్‌కో పంపుతారు.

పెళ్లి లేనిచోట

పెళ్లే జరగకపోతే 116వ సెక్షన్ ఊహ అసలు మొదలే కాదు. అప్పుడు బరువు తల్లి మీదో బిడ్డ మీదో ఉంటుంది. పరీక్ష ఆదేశించడానికి కోర్టులకు సంకోచమూ తక్కువే. నిరాకరించిన మగవాడికి అది నష్టంగానే మిగులుతుంది. భరణం సెక్షన్‌లో బిడ్డ సక్రమమా అక్రమమా అన్న తేడా లేదు. తండ్రి అని తేలితే చాలు. ‘పెళ్లి కాలేదు’ అన్న ఒక్క మాటతో ఇలాంటి పిటిషన్ కొట్టేస్తారనుకోవడం వృథా. కర్ణాటక నుంచే వెళ్లిన కమల వర్సెస్ మోహన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, భరణానికి పెళ్లిని గట్టిగా రుజువు చేయక్కర్లేదని, చాలాకాలం ఆలుమగల్లా బతికితే సరిపోతుందని తేల్చింది. మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లకపోయినా, హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ఆ పిల్లలను సక్రమ సంతానంగానే చూస్తుంది. ఉమ్మడి ఆస్తిలో తమ తండ్రికి వచ్చే వాటాలో వాళ్లకు హక్కుందని 2023 సెప్టెంబర్ 1న రేవణసిద్దప్ప తీర్పు చెప్పింది. అదీ కర్ణాటక కేసే.

లాయరు లేకపోవడం గురించి

సొంతంగా వాదించుకోవడం హక్కు. ఫ్యామిలీ కోర్టులో అయితే లెక్క తిరగబడి ఉంటుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడమే హక్కు కాదు, కోర్టు అనుమతితో జరిగేది. వాడుకలో మాత్రం ఆ అనుమతి దాదాపు అందరికీ దొరుకుతుంది కనుక, ఒంటరిగా నిలబడ్డవాడికి ఎదురుగా నల్లకోటు ఉండనే ఉంటుంది. కేసు పిలవగానే లేచి ‘పార్టీ ఇన్ పర్సన్’ అని చెప్పి, జడ్జి అడిగినదానికి మాత్రమే జవాబివ్వాలి. జడ్జి సలహా చెప్పరు. బెంచి గుమస్తా వాయిదా తేదీ చెబుతాడు, అంతకు మించి అడగకూడదు.

ఎక్కడిదాకా సొంతంగా నెట్టుకురావచ్చు? మొదటి వాయిదాలకు హాజరు, గడువు కోరడం, పేరాల వారీ జవాబు, ఆదాయ అఫిడవిట్ వరకు జాగ్రత్తగా చదివి రాసుకోగల మనిషికి కష్టం కాదు. క్రాస్ ఎగ్జామినేషన్ వేరే విద్య. విడిపోయిన భార్యనో భర్తనో బోనులో నిలబెట్టి కాపురం గురించి సొంత నోటితో ప్రశ్నలడగడం కేసుకూ మంచిది కాదు, మనుషులకూ మంచిది కాదు. ఆ ఘట్టం వచ్చేలోగా ఉచిత న్యాయ సహాయం అడగడం మేలు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. ఆ జాబితాలో పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారన్న సంగతి బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామందికి తెలియదు. సీనియర్ సివిల్ జడ్జి ఆధ్వర్యంలో నడిచే తాలూకా న్యాయ సేవల సమితి ఆనేకల్‌లోనే దరఖాస్తు తీసుకుంటుంది. దేశమంతటికీ ఉన్న సహాయ ఫోన్ నంబరు 15100.

తెలుగువాళ్లకు ఇంకో అడ్డంకి భాష. ఇక్కడి కింది కోర్టుల భాష కన్నడ. కాగితాలు ఇంగ్లీషులోనూ వేయవచ్చు. ఎదుటివాళ్లు ఇంగ్లీషులో వేసింది అర్థం కాకపోతే కోర్టు భాషలో అనువాదం అడిగే హక్కు సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్‌లో ఉంది. తెలుగులో ఉన్న పెళ్లి కార్డు, పంచాయితీ ఒప్పందం, ఉత్తరాలు వేస్తే అనువాదం జతచేయాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు కన్నడ సరిగా రాకపోతే తడుముకుంటూ చెప్పడం కన్నా తెలుగులో చెబుతానని, దుభాషి కావాలని ముందే అడగాలి. ‘కలిసి ఉన్నాం’, ‘కలిసి వెళ్లాం’ అన్న మాటల మధ్య తేడా ఇలాంటి కేసుల్లో మొత్తం కేసంత విలువ చేస్తుంది.

రాజీ, ఉత్తర్వు, పైకోర్టు

ఫ్యామిలీ కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నించడం దాని విధి. మీడియేషన్‌కు పంపితే వెళ్లాలి. వెళ్లినంత మాత్రాన ఏదీ ఒప్పుకున్నట్టు కాదు. అయితే అక్కడ పెట్టే సంతకం ఆషామాషీ కాదు. బిడ్డ భరణం వదులుకుంటున్నానని తల్లి రాసిచ్చినా అది బిడ్డ హక్కును కట్టివేయదు. తండ్రినని అతను ఒప్పుకున్న వాక్యం మాత్రం అతన్ని తర్వాత వెంటాడుతుంది.

ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే గడువులు పరిగెడుతుంటాయి. ఫ్యామిలీ కోర్టు డిక్రీ మీద హైకోర్టుకు 30 రోజుల్లో అప్పీలు. భరణం ఉత్తర్వుల మీద అప్పీలు లేదు, రివిజన్ మాత్రమే, 90 రోజుల్లో. మేజిస్ట్రేట్ ఇచ్చినదానికి సెషన్స్ కోర్టుకు, ఫ్యామిలీ కోర్టు ఇచ్చినదానికి హైకోర్టుకు వెళ్లాలి. రివిజన్ వేసినంత మాత్రాన చెల్లింపు ఆగదు. స్టే విడిగా అడగాలి. సగమో మరెంతో కట్టమని షరతు పెట్టడం మామూలే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇదే తగాదా వస్తే తీరు వేరుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో పితృత్వ పిటిషన్‌కు జవాబివ్వడానికి ఎఫ్.ఎల్.-220 అనే అచ్చు ఫారం ఉంది, గడువు 30 రోజులు. దాన్ని నింపడానికి సాయపడే ఉచిత కేంద్రాలు అక్కడి కోర్టుల్లోనే ఉంటాయి. పెళ్లిలో పుట్టిన బిడ్డ విషయంలో పరీక్షతో సవాలు చేయడానికి అక్కడ సాధారణంగా బిడ్డ పుట్టిన రెండేళ్ల దాకా వీలుంది. టెక్సస్‌లో సమన్లు అందాక 20 రోజులు గడిచిన తర్వాతి సోమవారం ఉదయం 10 గంటలకల్లా జవాబు పడాలి. అక్కడి కోర్టు కాగితం ఆనేకల్‌లో ఉన్న మనిషికి పంపాలంటే హేగ్ సర్వీస్ ఒప్పందం ప్రకారం భారత ప్రభుత్వం ద్వారా రావాలి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి భారత్ అభ్యంతరం తెలిపింది. అలా వచ్చిన కవరును కూడా పక్కన పడేయకుండా, అక్కడి గడువు ఎప్పుడు మొదలైందో కనుక్కుని ఆ కోర్టుకే జవాబు పంపాలి.